ఒకే సర్వరులో నాలుగు జావాలు: ఎస్‌డీకేమ్యాన్‌తో ఆరేళ్లు

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో ఉన్న మా గదిలో 8 జీబీ ర్యామ్ ఉన్న లినక్స్ సర్వరు ఒకటి రాత్రింబవళ్లు పనిచేస్తూ ఉంటుంది. దాని మీద పలాస జీడిపప్పు వ్యాపారి ఒకరి సరుకు లెక్కల ప్రోగ్రాము జావా 8తోను, ఆమదాలవలసలోని ఒక ప్రైవేటు బడి ఫీజుల ప్రోగ్రాము జావా 11తోను, నరసన్నపేట బట్టల దుకాణం బిల్లుల ప్రోగ్రాము జావా 17తోను, వీరందరి తరఫున ఫోన్లకు సందేశాలు పంపే చిన్న ప్రోగ్రాము జావా 21తోను నడుస్తున్నాయి. ఇవన్నీ రాసేదీ, మార్చేదీ, పడిపోతే లేపేదీ నేనొక్కడినే. జావా భాషలో రాసిన ప్రోగ్రామును కంపైల్ చేసి, అంటే యంత్రం నడపగలిగే రూపంలోకి మార్చి, నడిపించే సాఫ్ట్‌వేరునే ఇక్కడ జావా అంటున్నాను, పక్కనున్న అంకె దాని సంచిక. నా ల్యాప్‌టాప్‌లోనూ ఈ నాలుగు జావాలూ ఉన్నాయి. వీటిని కమాండ్ లైను నుంచే సర్దుకోవడానికి 2019 నుంచి ఎస్‌డీకేమ్యాన్ అనే పనిముట్టును వాడుతున్నాను. అది ఎక్కడ ఆదుకుందో, ఎక్కడ దాని మీద పెట్టకూడని భారం పెట్టి నేను దెబ్బతిన్నానో చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం.

దీని అవసరం నాకు తెలిసివచ్చింది తిత్లీ తుపాను తరువాత. 2018 అక్టోబరు 11న ఆ తుపాను పలాస ప్రాంతంలో తీరం దాటినప్పుడు వ్యాపారి గోదాములోని కంప్యూటరు తడిసి పాడైపోయింది. లెక్కల ప్రతి నా దగ్గర భద్రంగానే ఉంది కాబట్టి కొత్త కంప్యూటరు కొని, అంతకు కొద్ది వారాల ముందే విడుదలైన జావా 11ను అందులో ఎక్కించి, ప్రోగ్రామును తెరిచాను. తెరుచుకోలేదు. ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లను చదవడానికి ఆ ప్రోగ్రాము ఆధారపడిన జాక్స్‌బీ అనే భాగం జావా 8లో అంతర్భాగంగా ఉండేది, జావా 11లో దాన్ని తొలగించారు. ఆ సంగతి కనుక్కునే సరికి ఒక పూట గడిచిపోయింది. పాత కంప్యూటరులో ఉన్నది జావా 8లో ఏ ఉపసంచికో, ఎవరు తయారు చేసినదో నేను ఎక్కడా రాసిపెట్టుకోలేదని గుర్తించడం అంతకంటే బాధ కలిగించింది. జీడిపిక్కల బస్తా ఎన్ని కిలోలో, ఏ రోజు ఎన్ని బస్తాలు దిగాయో పైసలతో సహా లెక్క కట్టే ప్రోగ్రాము రాసినవాణ్ని, అది ఏ పునాది మీద నిలబడిందో మాత్రం లెక్క పెట్టుకోలేదు.

అప్పటిదాకా నేను వాడినది ఉబుంటు లినక్స్‌లో ఏ జావాను వాడాలో ఎంచే అప్‌డేట్ ఆల్టర్నేటివ్స్ కమాండు. అది చెడ్డది కాదు. అయితే అది యంత్రం మొత్తానికి ఒకే జావాను నిర్ణయిస్తుంది, ప్రతిసారీ అడ్మిన్ అనుమతి అడుగుతుంది, జావాను మార్చినంత మాత్రాన కంపైల్ చేసే జావాసీని మార్చదు, జావా ఎక్కడుందో ఇతర ప్రోగ్రాములకు చెప్పే జావా హోమ్ అనే చలరాశి జోలికే పోదు. ప్రాజెక్టులను కంపైల్ చేయించే మావెన్ అనే పనిముట్టు చూసేది ఆ జావా హోమ్‌నే. అందువల్ల టెర్మినల్‌లో జావా 11 అని కనిపిస్తూ ఉండగా మావెన్ మాత్రం జావా 8తో కంపైల్ చేయడం, లేదా 11తో కంపైల్ అయిన ఫైలును 8తో నడపబోయి క్లాస్ ఫైలు సంచిక 55 అన్న ఫిర్యాదు రావడం నాకు వారానికొకసారి ఎదురయ్యేది. ఆ అంకెలు అప్పట్లోనే కంఠస్థమయ్యాయి: జావా 8కి 52, 11కి 55, 17కి 61, 21కి 65.

ఎస్‌డీకేమ్యాన్ మొదట గ్రూవీ భాష వాడేవారి కోసం జీవీఎమ్ అన్న పేరుతో పుట్టింది, తరువాత జావాతో సహా అనేక పనిముట్లకు విస్తరించి ఇప్పటి పేరు తెచ్చుకుంది. కర్ల్, జిప్, అన్‌జిప్ అనే చిన్న ప్రోగ్రాములు ఉంటే చాలు, ఒక్క వరుసతో ఎక్కుతుంది. అడ్మిన్ అనుమతి అక్కర లేదు, అన్నీ హోమ్ ఫోల్డరులోనే ఉంటాయి. ‘ఎస్‌డీకే లిస్ట్ జావా’ అని కొడితే తయారీదారుల వారీగా పట్టిక వస్తుంది, ఒక్కొక్క సంచిక చివర తయారీదారును తెలిపే తోక ఉంటుంది. టెమ్యురిన్‌కు టెమ్, అమెజాన్ కొరెట్టోకు ఏఎమ్‌జెడ్‌ఎన్, జులుకు జులు, లిబెరికాకు లిబ్ఆర్‌సీఏ. కొత్తవారికి ఈ తోకలు అనవసరమైన గందరగోళంగా కనిపిస్తాయి, నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ 2019 ఏప్రిల్‌లో ఒరాకిల్ తన జావా 8 కొత్త ఉపసంచికల లైసెన్సును వ్యాపార వినియోగానికి అనుకూలం కాని విధంగా మార్చినప్పుడు, జావా ఒకటే అయినా దాన్ని కట్టి ఇచ్చేవారు వేరువేరని, ఎవరి దగ్గర తీసుకున్నామో తెలిసి ఉండాలని అర్థమైంది. ఇంకొక కారణం మా సొంతది. పలాస గోదాములో కాటా దగ్గర తెరిచే కిటికీ, తెర మీద కిటికీలను గీసే జావాఎఫ్ఎక్స్ అనే భాగంతో రాసినది. టెమ్యురిన్ 8లో జావాఎఫ్ఎక్స్ ఉండదు, జులులో ఎఫ్ఎక్స్ అన్న గుర్తుతో వచ్చే సంచికలో ఉంటుంది. రెండూ జావా 8లే అయినా ఒకదానితో కిటికీ తెరుచుకుంటుంది, ఇంకొకదానితో తెరుచుకోదు. ఈ తేడాను పట్టికలో తోకతో సహా కళ్ల ముందు పెట్టే పనిముట్టు నాకు అంతకు ముందు దొరకలేదు.

రోజువారీ వాడకంలో నాకు అన్నిటికంటే నచ్చినది ప్రాజెక్టు ఫోల్డరులో పెట్టే చిన్న ఫైలు. చుక్కతో మొదలై ఎస్‌డీకేమ్యాన్‌ఆర్‌సీ అన్న పేరుతో ఉండే ఆ ఫైలులో ఈ ప్రాజెక్టుకు ఫలానా జావా అని ఒక వరుస ఉంటుంది. ‘ఎస్‌డీకే ఎన్వ్ ఇనిట్’ అంటే ఆ ఫైలు పుడుతుంది, ‘ఎస్‌డీకే ఎన్వ్’ అంటే అందులో ఉన్న జావా ఆ టెర్మినల్‌కు వర్తిస్తుంది. అమరికల ఫైలులో ఆటో ఎన్వ్ అన్నదాన్ని ట్రూ చేసి పెడితే ఆ మాట కూడా కొట్టనక్కర లేదు. బడి ఫోల్డరులోకి అడుగుపెట్టగానే జావా 11 అవుతుంది, బయటికి రాగానే మామూలు జావాకు తిరిగి వెళుతుంది. జావా హోమ్‌ను కూడా అదే మారుస్తుంది కాబట్టి మావెన్‌తో పేచీ ఉండదు. ఆ ఫైలును, మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్‌లో ప్రోగ్రాముతో పాటే దాచుకుంటున్నాను. తుపాను తరువాత నన్ను వేధించిన ప్రశ్నకు జవాబు ఇప్పుడు ప్రోగ్రాము పక్కనే, ఒక్క వరుసలో, ఎప్పుడు ఎందుకు మారిందో చరిత్రతో సహా ఉంటోంది. ఈ ఒక్క సౌకర్యం కోసమే ఈ పనిముట్టును ఎవరికైనా చెబుతాను.

ఇక దెబ్బతిన్న సంగతికి వస్తాను. ఎస్‌డీకేమ్యాన్ దించిన జావాలన్నీ క్యాండిడేట్స్ అన్న ఫోల్డరులో సంచిక పేర్లతో వేరువేరు గదుల్లా ఉంటాయి, వాటి పక్కన కరెంట్ అన్న సింబాలిక్ లింకు ఉంటుంది. మనం ఏ జావాను మామూలుగా వాడాలని నిర్ణయించామో ఆ లింకు దానివైపు చూపుతుంది. పలాస ప్రోగ్రామును సర్వరులో సిస్టమ్‌డీ సర్వీసుగా, అంటే సర్వరు లేచినప్పుడల్లా లినక్స్ తానే మొదలుపెట్టేలా, పెట్టినప్పుడు జావా దారిని ఆ కరెంట్ లింకు మీదుగా రాశాను. అప్పటికి అది జావా 8నే చూపుతూ ఉంది, ఎప్పటికీ అలాగే చూపుతుందని నమ్మాను. 2022 వేసవిలో బట్టల దుకాణం కోసం అదే సర్వరులో జావా 17ను దించాను. దించడం పూర్తయ్యాక దీన్నే మామూలు జావాగా ఉంచమంటారా అని ఎస్‌డీకేమ్యాన్ అడుగుతుంది. ఆ ప్రశ్నకు ఏమీ రాయకుండా ఎంటర్ కొడితే అవును అని అర్థం. నేను ఎంటర్ కొట్టాను. లింకు 17 వైపు తిరిగింది.

ఆ రోజు ఏమీ జరగలేదు. అప్పటికే నడుస్తున్న జేవీఎమ్, అంటే జావా ప్రోగ్రామును నడిపే ప్రాసెస్, తాను మొదలైనప్పటి జావాతోనే నడుస్తూ ఉంటుంది, లింకు మారినట్టు దానికి తెలియదు. మూడు వారాల తరువాత ఒక రాత్రి గాలివానకు కరెంటు పోయి, ఇన్‌వర్టరు కూడా చేతులెత్తేసి, తెల్లవారుజామున సర్వరు మళ్లీ లేచినప్పుడు పలాస ప్రోగ్రాము మాత్రం లేవలేదు. దాన్ని నడిపే వరుసలో కాన్‌కరెంట్ మార్క్ స్వీప్ అనే గార్బేజ్ కలెక్టరును (వాడకం అయిపోయిన మెమరీని తిరిగి పోగుచేసే భాగాన్ని) కోరే ఐచ్ఛికం ఉంది. ఆ కలెక్టరును జావా 14లోనే తీసేశారు. జావా 17కు ఆ పేరే తెలియదు కాబట్టి గుర్తించలేని ఐచ్ఛికమని, జేవీఎమ్‌ను సృష్టించలేకపోయామని రాసి ఆగిపోయింది. పొద్దున్న ఆరింటికే గోదాములో బస్తాలు దిగుతున్నాయి, కాటా దగ్గరి గుమస్తా చీటీల మీద చేత్తో రాసుకుంటున్నాడు. తప్పు నిన్న జరిగినది కాదు, మూడు వారాల క్రితం జరిగినది కాబట్టి దాన్ని పట్టుకోవడానికి గంటకు పైగా పట్టింది. కారణమూ ఫలితమూ ఇంత ఎడంగా ఉండే తప్పులే సర్వరు పనిలో అన్నిటికంటే ప్రమాదకరమైనవి.

ఈ సంఘటనలో ఎస్‌డీకేమ్యాన్‌ను నేను పూర్తిగా నిర్దోషి అనలేను. యంత్రంలో అప్పటికే ఒక మామూలు జావా ఉన్నప్పుడు దాన్ని మార్చే ప్రశ్నకు ఖాళీ జవాబును అవును అని తీసుకోవడం సరైన నిర్ణయం కాదని నా గట్టి అభిప్రాయం. అయినా ముఖ్యమైన పొరపాటు నాదే. నా చేతి కింద మారుతూ ఉండడానికి పెట్టిన లింకు మీద, మారకూడని సర్వీసును నిలబెట్టాను. ఆ రోజు నుంచి సర్వీసులు వాడే జావాలను నా హోమ్ ఫోల్డరులో కాకుండా ఆప్ట్ ఫోల్డరులో, సంచిక అంకె ఉన్న పేరుతో విడిగా ఉంచుతున్నాను, సర్వీసు ఫైలులో ఆ పూర్తి దారినే రాస్తున్నాను. అదే జావాను టెర్మినల్‌లోనూ వాడుకోవాలంటే ‘ఎస్‌డీకే ఇన్‌స్టాల్ జావా’ తరువాత నాకు నచ్చిన పేరు, ఆప్ట్‌లోని దారి ఇస్తే ఎస్‌డీకేమ్యాన్ దాన్ని మళ్లీ దించకుండా తన పట్టికలో చేర్చుకుంటుంది. ఈ వెసులుబాటు గురించి తెలిసినవారు తక్కువ, చాలా విలువైనది.

రెండవ చిక్కు, ఎస్‌డీకే అన్నది విడి ప్రోగ్రాము కాదు, టెర్మినల్‌లో మనం కొట్టే కమాండ్లను అందుకునే షెల్‌లో ఎక్కే ఫంక్షను. టెర్మినల్ తెరిచినప్పుడు దాని ఆరంభ ఫైలు చదవబడుతుంది కాబట్టి పనిచేస్తుంది. చెప్పిన సమయానికి పనులను తానే మొదలుపెట్టే క్రాన్ రాత్రి పదింటికి నడిపే స్క్రిప్టుకు ఎస్‌డీకే అంటే ఏమిటో తెలియదు. స్క్రిప్టు మొదట్లో ఆ ఆరంభ ఫైలును పిలవవచ్చు, లేదా నేను ఇప్పుడు చేస్తున్నట్టు జావా పూర్తి దారిని రాయవచ్చు. ఈ చిక్కును విప్పుతున్నప్పుడే తెలుగు రాసేవారందరికీ పనికివచ్చే ఇంకొక సంగతి బయటపడింది. పలాస ప్రోగ్రాము రాత్రి తయారుచేసే రోజు పట్టీలో ఊళ్ల పేర్లు, రైతుల పేర్లు తెలుగులో ఉంటాయి. నేను చేత్తో నడిపితే పట్టీ చక్కగా వచ్చేది, క్రాన్ నడిపితే పేర్ల చోట ప్రశ్నార్థకాలు వచ్చేవి. పలాస అన్న మూడక్షరాల మాటకు నాలుగు ప్రశ్నార్థకాలు, ఎందుకంటే యూనికోడ్‌లో లకు ఇచ్చిన దీర్ఘం విడిగా లెక్కకు వస్తుంది. అన్ని భాషల అక్షరాలనూ రాయగల యూటీఎఫ్ 8 అన్న భాషా అమరికను నేను యంత్రం మొత్తానికి కాకుండా నా టెర్మినల్ ఫైలులో మాత్రమే పెట్టుకోవడం వల్ల, క్రాన్ కింద నడిచే జావా 8 తనకు ఇంగ్లీషు అక్షరాలకే సరిపడే ఆస్కీ తప్ప ఇంకేదీ రాదనుకుంది. ఫైల్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్ 8 అని జావాకు విడిగా చెబితే సమస్య తీరింది.

జావా 18 నుంచి ఫైళ్లు రాసేటప్పుడు యూటీఎఫ్ 8నే మామూలు ఎన్‌కోడింగ్‌గా తీసుకుంటున్నారు, కాబట్టి 21తో నడిచే సందేశాల ప్రోగ్రాముకు ఈ బాధ సగం లేదు. సగం అనడానికి కారణం ఉంది. తెర మీదికి, దాని ద్వారా సర్వీసు లాగ్‌లోకి వెళ్లే అక్షరాలు ఇప్పటికీ యంత్రం భాషా అమరికనే అనుసరిస్తాయి. అందువల్ల నాలుగు జావాలు ఒకే సర్వరులో ఉన్నప్పుడు ఒకే తెలుగు మాట ఒకచోట సరిగా, ఒకచోట ప్రశ్నార్థకాలుగా కనిపించడం సాధ్యమే. యంత్రం స్థాయిలోనే అమరికను సరిచేయడం అన్నిటికంటే సుఖం.

ఎస్‌డీకేమ్యాన్ పని జావాలను దించడం, ఎంచడం వరకే. నడుస్తున్న జేవీఎమ్‌లలో ఏది ఏమిటో అది చెప్పదు. కరెంటు పోయిన రోజు తరువాత నేను శ్రద్ధగా నేర్చుకున్నది జావాతో పాటే వచ్చే జేపీఎస్, జేసీఎమ్‌డీ అన్న రెండు కమాండ్లు. జేపీఎస్‌కు చిన్న ఎల్ జోడిస్తే నడుస్తున్న ప్రతి జేవీఎమ్ ప్రాసెస్ సంఖ్యను, ప్రధాన క్లాసు పూర్తి పేరును చూపుతుంది. జేసీఎమ్‌డీకి ప్రాసెస్ సంఖ్య ఇచ్చి వీఎమ్ వెర్షన్ అని అడిగితే అది ఏ జావానో, వీఎమ్ కమాండ్ లైన్ అని అడిగితే ఏ ఐచ్ఛికాలతో మొదలైందో చెబుతుంది. ప్రాసెస్ సంఖ్య స్థానంలో సున్నా ఇస్తే ఆ ప్రశ్న నడుస్తున్న జేవీఎమ్‌లన్నిటికీ ఒకేసారి వెళుతుంది. సున్నాకు ఉన్న ఈ అర్థం ముందే తెలిసి ఉంటే, లింకు చూపేది 17 అని, నడుస్తున్నది 8 అని నేను ఆ మూడు వారాలలో ఏదో ఒక రోజు చూసి ఉండేవాణ్ని. ఇప్పుడు ప్రతి సోమవారం ఉదయం ఆ ఒక్క వరుస కొట్టి, వచ్చినదాన్ని సర్వీసు ఫైళ్లతో సరిపోల్చి చూస్తున్నాను.

జేపీఎస్, జేసీఎమ్‌డీ రెంటికీ ఒక పరిమితి ఉంది. ఏ యూజరు పేరుతో ప్రోగ్రాము నడుస్తుందో ఆ యూజరుగా అడిగితేనే నమ్మకంగా జవాబు వస్తుంది. జేపీఎస్ తన సమాచారాన్ని టెంప్ ఫోల్డరులో ప్రతి జేవీఎమ్ రాసే చిన్న ఫైళ్ల నుంచి తీసుకుంటుంది. సిస్టమ్‌డీలో ప్రైవేట్ టెంప్ అమరిక పెట్టిన సర్వీసుకు వేరే టెంప్ ఉంటుంది కాబట్టి అది జాబితాలో కనిపించకపోవచ్చు. జాబితాలో లేదు కనుక నడవడం లేదని తొందరపడి ఇంకొక ప్రతిని లేపకూడదు.

బడి ఫీజుల ప్రోగ్రాము ప్రతి జూన్‌లో బడులు తెరిచే వారంలో కదలకుండా నిలిచిపోయేది. పునఃప్రారంభిస్తే కాసేపు నడిచి మళ్లీ ఆగేది. ఒక జూన్‌లో దాన్ని చంపకుండా ఓపిక పట్టి, పది సెకన్ల ఎడంతో మూడుసార్లు జేసీఎమ్‌డీ ద్వారా థ్రెడ్ ప్రింట్ (ప్రోగ్రాములో ఒకేసారి సాగే పనులు, అంటే థ్రెడ్లు, ఎక్కడెక్కడ ఉన్నాయో చూపే జాబితా) తీసి పక్కపక్కన పెట్టి చూశాను. మూడింటిలోనూ దాదాపు అన్ని థ్రెడ్లూ ఒకే వరుస దగ్గర, డేటాబేసు కనెక్షను కోసం ఎదురుచూస్తూ ఉన్నాయి. రసీదు ముద్రించే చోట పొరపాటు ఎదురైతే కనెక్షనును తిరిగి ఇవ్వకుండా వదిలేస్తున్నామని అప్పుడు తెలిసింది. రెండేళ్ల బాధకు మందు ఐదు వరుసల మార్పులో దొరికింది. అదే ఉత్సాహంతో, మెమరీలో ఏ రకం వస్తువులు ఎన్ని ఉన్నాయో చూపే క్లాస్ హిస్టోగ్రామ్ అడిగేవారికి ఒక హెచ్చరిక చెప్పాలి. అది మామూలుగా బతికి ఉన్న వస్తువులను మాత్రమే లెక్కించడానికి ముందు పూర్తి గార్బేజ్ కలెక్షను చేయిస్తుంది, ఆ సేపు ప్రోగ్రాము ఆగుతుంది. ఫీజు కౌంటరు దగ్గర తల్లిదండ్రులు బారులు తీరి ఉన్నప్పుడు చేయదగిన పని కాదు.

ర్యామ్ విషయంలోనూ అనేక జేవీఎమ్‌ల కాపురానికి ఒక లెక్క కావాలి. ప్రోగ్రాము వస్తువులు ఉండే మెమరీ భాగమైన హీప్ గరిష్ఠంగా ఎంతో మనం చెప్పకపోతే ప్రతి జేవీఎమ్ యంత్రం ర్యామ్‌లో నాలుగో వంతు దాకా తనదే అనుకుంటుంది. 8 జీబీలో ఒక్కొక్కటి 2 జీబీ, నాలుగూ కలిస్తే మొత్తం 8. లినక్స్‌కు, డేటాబేసుకు ఏమీ మిగలదు. పైగా హీప్ కాక క్లాసుల వివరాలుండే మెటాస్పేసు, థ్రెడ్ల స్టాకులు వేరే మెమరీ తీసుకుంటాయి. ఏ ఒక్క జేవీఎమ్‌నూ విడిగా చూస్తే తప్పు కనిపించదు, అన్నీ ఒకే వారంలో నిండినప్పుడు లినక్స్ కెర్నల్ వాటిలో ఒకదాన్ని చంపుతుంది. పలాసకు 1 జీబీ, బడికి 1 జీబీ, బట్టల దుకాణానికి 768 ఎంబీ, సందేశాలకు 256 ఎంబీ అని గట్టిగా కట్టిపెట్టాక రెండేళ్లుగా అలా జరగలేదు. ప్రతి జేవీఎమ్ హీప్ ఎంత వాడుతోందో చూసి ఈ అంకెలను పంటల కాలంలో ఒకసారి, జూన్‌లో ఒకసారి సరిచూసుకుంటాను.

ఎస్‌డీకేమ్యాన్ మీద నాకు మిగిలిన ఫిర్యాదు ఒకటుంది. తయారీదారులు కొత్త ఉపసంచిక విడుదల చేసినప్పుడు పాతవి పట్టిక నుంచి తప్పుకుంటాయి. నా దగ్గర దిగి ఉన్నది అలాగే పనిచేస్తుంది, పట్టికలో దాని పక్కన లోకల్ ఓన్లీ అని ఉంటుంది. కానీ కొత్త ల్యాప్‌టాప్‌లో గిట్ నుంచి ప్రాజెక్టును తెచ్చుకుని అందులోని ఫైలు ప్రకారం జావాను దించమంటే, ఆ సంచిక అందుబాటులో లేదన్న జవాబు వస్తుంది. అడప్ట్ఓపెన్‌జేడీకే 2021లో టెమ్యురిన్‌గా మారినప్పుడు అడప్ట్ తోక ఉన్న నా పాత ఫైళ్లన్నీ ఒకేసారి ఇలా చెల్లకుండా పోయాయి. భద్రతా లోపాలున్న పాత ఉపసంచికలను ఎవరూ దించకూడదన్న ఆలోచన నాకు అర్థమవుతుంది. ఏ యంత్రంలోనైనా అదే జావా కావాలని రాసుకున్న ఫైలు ఏడాదికే చెల్లకపోవడం మాత్రం ఆ ఫైలు ఉద్దేశానికే విరుద్ధం. అందుకే నేను సర్వీసుల్లో వాడే ప్రతి జావా మూల ఫైలును బయటి డిస్కులో దాచుకుంటున్నాను. ఒక్కొక్కటి సుమారు 100 నుంచి 200 ఎంబీ, పెద్ద భారం కాదు. తీరంలో ఉన్నవాళ్లం, తుపానుకు రోజుల తరబడి ఇంటర్నెట్ లేకపోవడం చూసినవాళ్లం, దించుకోగలం అన్న నమ్మకం మీదే అంతా నిలపలేము.

జెన్వ్ అన్న పనిముట్టును కూడా కొన్ని నెలలు వాడి చూశాను. అది జావాలను దించదు, ఉన్నవాటి మధ్య ఎంచుతుంది, ఫోల్డరులోని జావా వెర్షన్ ఫైలును అనుసరిస్తుంది. జావాలను సొంతంగా దించుకునే అలవాటున్నవారికి అది చాలు. మావెన్ లాంటిదే అయిన గ్రేడిల్ వాడేవారు ఒకటి గమనించాలి. టెర్మినల్‌లో జావా మార్చినప్పుడల్లా గ్రేడిల్ కొత్త డీమన్‌ను, అంటే తెర వెనుక నడిచే ప్రాసెస్‌ను, లేపుతుంది, పాతది మూడు గంటలు ఖాళీగా కూర్చుని గాని పోదు. ల్యాప్‌టాప్ మందగిస్తే గ్రేడిల్ స్టాప్ కొట్టడం మంచిది, అయితే అది ఆ గ్రేడిల్ సంచికకు చెందిన డీమన్లనే ఆపుతుంది. విండోస్‌లో ఎస్‌డీకేమ్యాన్‌కు విండోస్ లోపల లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ లేదా గిట్ బ్యాష్ అనే టెర్మినల్ కావాలి. పలాస గోదాములోని విండోస్ కంప్యూటరుకు నేను ఆ బరువు పెట్టలేదు, జులు జిప్‌ను విప్పి దాని దారిని ప్రోగ్రాము షార్ట్‌కట్‌లో రాశాను.

2025 సెప్టెంబరులో జావా 25 వచ్చింది. ల్యాప్‌టాప్‌లో దించాను, మామూలు జావాగా ఉంచాలా అన్న ప్రశ్నకు ఎన్ అని రాశాను. సందేశాల ప్రోగ్రామును దానితో పరీక్షిస్తున్నాను. దాని ఫోల్డరులోని ఫైలులో వరుస మారింది, సర్వరులో సర్వీసు ఫైలు ఇంకా 21నే చూపుతోంది. పలాస ప్రోగ్రాము 8 మీదే ఉంది. జాక్స్‌బీని, జావాఎఫ్ఎక్స్‌ను బయటి లైబ్రరీలుగా తెచ్చుకుని 17కు మార్చే పని మొదలుపెట్టాను, వచ్చే జీడి పంట గోదాముకు చేరేలోపు పూర్తి కావాలి.